ఊరి ప్రభుత్వ బడిలోనే ఉంచాలా, మార్చాలా? జూన్ రాకముందే తేల్చుకునే పద్ధతి

ఏటా ఎండలు ముదిరేసరికి మా పొదిలి చుట్టుపక్కల పల్లెల్లో ప్రైవేటు బడుల వారు కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. వారి వెనుకనే మండల పరిషత్ బడి అయ్యవార్లు కూడా వచ్చి, పిల్లలను ఊరి బడికే పంపమని అడుగుతారు. ఇద్దరి మాటలూ విన్న తల్లిదండ్రులు చివరికి పక్కింటివారు ఏం చేశారో చూసి అదే చేస్తుంటారు. ఇద్దరు పిల్లలను ఊరి బడిలోనూ, ఆ తరువాత జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనూ చదివించిన తండ్రిగా నేను గట్టిగా నమ్మేది ఏమిటంటే, మీ బిడ్డ కూర్చునే తరగతిలో రోజూ పాఠం చెప్పే మనిషి ఉన్నారా లేదా అన్నదే అన్నిటికంటే ముందు చూడవలసిన విషయం. బడి పేరు, వ్యాను, టై, బెల్టు, ఇవన్నీ ఆ తరువాతి మాటలు.

కాబట్టి మొదటి పని, మామూలు పనిదినం చూసుకుని బడికి వెళ్లడం. పంద్రాగస్టు నాడో, తల్లిదండ్రుల సమావేశం నాడో కనిపించేది ముస్తాబైన బడి. ప్రధానోపాధ్యాయుడి అనుమతి తీసుకుని, ఉదయం ప్రార్థన వేళ నుంచి మధ్యాహ్న భోజనం ముగిసేదాకా అక్కడే ఉండండి. మంజూరైన పోస్టులు ఎన్ని అని కాక, ఈ రోజు బడికి వచ్చిన ఉపాధ్యాయులు ఎందరు, డిప్యుటేషన్ మీద వేరే బడికి వెళ్లినవారు ఎవరు, ఏయే తరగతులు ఒకే గదిలో కూర్చుంటున్నాయి అని అడగండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉపాధ్యాయులు ఉండాలి. 6 నుంచి 8 తరగతులకైతే లెక్కలు, సైన్సుకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరి. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్, అంటే ప్రభుత్వ లెక్కల్లో ఆ బడి గుర్తింపు సంఖ్య, ఉంటుంది. యూడైస్ వెబ్‌సైటులో దాన్ని కొట్టి చూస్తే పిల్లల సంఖ్య, ఉపాధ్యాయుల సంఖ్య, మరుగుదొడ్ల వివరాలు కనిపిస్తాయి. ప్రైవేటు బడికీ ఈ కోడ్ ఉంటుంది కనుక అక్కడా ఇదే చూడండి. దానితోపాటు, పోయిన జూన్‌లో చేరిన ఉపాధ్యాయులలో ఇప్పటికీ ఎందరు ఉన్నారో అడగడం మరచిపోకండి.

రెండో పని పిల్లల చదువును పరీక్షించడం. ఇక్కడ మాత్రం తొందరపడకండి. ప్రైవేటు బడిలో మూడో తరగతి చదువుతున్న మా తమ్ముడి కొడుకు ఒకసారి ఇంగ్లీషు వాచకం తెరిచి ఒక పేజీ తడబడకుండా చదివి వినిపించాడు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాము. అయితే వాడి వేలు పేజీ మీద ఒక్కచోటే ఆగి ఉన్నది నేను గమనించాను. పేజీ మధ్యలో ఒక వరుస చూపించి ఇక్కడి నుంచి చదువు నాయనా అంటే, వాడు కాసేపు నా ముఖం వంక చూసి, మళ్లీ మొదటి వరుస నుంచి అందుకున్నాడు. పాఠమంతా నోటికి వచ్చింది, చదవడం మాత్రం రాలేదు. అదే వారంలో మా ఊరి బడిలో నాలుగో తరగతి పిల్లవాడికి రెండో తరగతి తెలుగు కథ ఇస్తే కూడబలుక్కుని చదివాడు కానీ, అప్పు తెచ్చుకుని చేసే తీసివేత రాలేదు. అందుచేత ఏ బడి పేరూ చూసి తీర్మానించకండి. ఇంతకుముందు చూడని పుస్తకం ఒకటి తీసుకుని, మీరు ఎంచుకున్న రెండు బడులలో చదివే ముగ్గురు నలుగురు పిల్లలను కూర్చోబెట్టుకోండి. మధ్యలో ఒక పేరా చదివించి, చదివినదాన్ని సొంత మాటల్లో చెప్పమనండి. రెండంకెల తీసివేత ఒకటి, భాగహారం ఒకటి ఇవ్వండి. ఒక గంటలో తెలిసేది ఏడాది ప్రోగ్రెస్ కార్డులో తెలియదు.

ఇంగ్లీషు మీడియం గురించి ఒక్క మాట. 2020–21 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పాఠ్యపుస్తకాలలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదుటి పక్క తెలుగు అచ్చవుతున్నాయి. ఇంట్లో తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లి కూడా ఈ పుస్తకంతో బిడ్డ పక్కన కూర్చుని పాఠం అర్థమైందో లేదో కనుక్కోగలదు. నా దృష్టిలో ఇది చాలా పెద్ద వసతి.

భవనాల సంగతికి వస్తే, ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు–నేడు పనులు 2019 నవంబర్ 14న ఒంగోలులోనే మొదలయ్యాయి; ఆ తరువాత చాలా బడులకు గదులు, బల్లలు వచ్చాయి. గోడల రంగు చూసి తృప్తి పడకుండా, మధ్యాహ్నం వేళ మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయా అని పెద్ద తరగతి ఆడపిల్లలను అడగండి, లేదా మీ ఇంటి ఆడవారి చేత అడిగించండి. కనిగిరి, పొదిలి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందని మనందరికీ తెలుసు కనుక, బడిలో తాగే నీళ్లు బోరువా, శుద్ధి చేసినవా అన్నది తప్పక తేల్చుకోండి. భోజనం దగ్గర నిలబడి, వీలైతే పిల్లలతోపాటు కూర్చుని తినండి.

ఖర్చు లెక్క కాగితం మీద వేయండి. ప్రైవేటు బడికైతే టర్మ్ ఫీజు ఒక్కటే రాసి ఊరుకోకుండా వ్యాను, పుస్తకాలు, బూట్లు, పరీక్ష ఫీజు, ట్యూషను కలిపి, పదో తరగతి వరకు ఎంతవుతుందో చూడండి. బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం 2025లో ఇచ్చిన తల్లికి వందనం డబ్బు, అంటే బడి నిర్వహణకు పట్టుకున్న 2,000 పోను తల్లి ఖాతాలో పడిన 13,000 రూపాయలు, ప్రభుత్వ బడి పిల్లలకూ ప్రైవేటు బడి పిల్లలకూ ఒకే రకంగా వచ్చాయి. కాబట్టి ఆ డబ్బు చూసుకుని బడి మార్చడంలో అర్థం లేదు. ప్రభుత్వ బడిలో ఉంటేనే దక్కేవి వేరే ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ (జాతీయ ప్రతిభా ఉపకార వేతన) పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏటా 12,000 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలలో ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే దానికి అర్హత. పదో తరగతి మార్కులతో ట్రిపుల్ ఐటీ సీట్లు ఇచ్చేటప్పుడు కూడా, హాస్టల్ లేని ప్రభుత్వ బడులలో చదివినవారికి వెనుకబాటును లెక్కలోకి తీసుకుని 4 శాతం అదనపు స్కోరు (డిప్రివేషన్ స్కోరు) కలుపుతారు. ఏడో తరగతి తరువాత బడి మార్చాలనుకునేవారు ఈ రెండింటినీ తూకంలో వేసుకోవాలి.

ఇక, ఎవరికి వారు ఇంట్లో కూర్చుని తేల్చుకోలేని సంగతి ఒకటి ఉంది. ఉపాధ్యాయుల సంఖ్య పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. ఒక వేసవిలో మా వీధి నుంచి ఏడుగురు పిల్లలు ఒక్కసారిగా ప్రైవేటు బడికి వెళ్లారు. మరుసటి ఏడాది ఒక పోస్టు ఎత్తివేశారు, నా కూతురు చదివే నాలుగో తరగతిని అయిదో తరగతితో కలిపి కూర్చోబెట్టారు. వెళ్లినవారు ఎవరికీ చెడు తలపెట్టలేదు; కానీ ఉండిపోయిన పిల్లల మీద ఆ భారం పడింది. అందుకని మార్చి నెలలోనే, కరపత్రాలు రాకముందే, మీ వీధిలో ఒకే ఈడు పిల్లలున్న అయిదారు ఇళ్లవారు ఒకచోట కూర్చోండి. "మా పిల్లలను ఇక్కడే ఉంచుతాము, తరగతికొక ఉపాధ్యాయుడు కావాలి" అని పిల్లల పేర్లతో కాగితం రాసి, అందరూ కలిసి ప్రధానోపాధ్యాయుడికి ఒకటి, మండల విద్యాధికారికి (ఎంఈవో) ఒకటి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలని చట్టం చెబుతున్నది కనుక, మీలో ఇద్దరు తల్లులైనా అందులో చేరండి. మేము ఆలస్యంగా కళ్లు తెరిచి ఈ పని చేస్తే, తొమ్మిది మంది పిల్లలు తిరిగి వచ్చినా ఉపాధ్యాయురాలు రావడానికి మరో ఆరు నెలలు పట్టింది.

ఇంత చేసినా ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడు ఏడాదంతా లేకపోతే, లేదా బడిలో మీ బిడ్డకు భయం పట్టుకుంటే, మార్చండి. అందులో తప్పేమీ లేదు. ఒకటో తరగతిలో చేర్చే పేద కుటుంబాలవారు ప్రైవేటు బడులలో 25 శాతం సీట్ల కోసం విద్యాహక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రైవేటు నుంచి ప్రభుత్వ బడికి తిరిగి వచ్చేవారికి టీసీ (పాత బడి ఇచ్చే బదిలీ పత్రం) దగ్గర చిక్కు వస్తుంది. మా తమ్ముడి కొడుకును మార్చేటప్పుడు బాకీ ఫీజు పేరుతో ఆ బడి వారు నెల రోజులు టీసీ ఇవ్వలేదు, మేమూ తెలియక పిల్లవాడిని ఇంట్లోనే కూర్చోబెట్టాము. ఎనిమిదో తరగతి వరకు టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండరాదని అదే చట్టం చెబుతుంది; ముందు బిడ్డను బడిలో చేర్చి, కాగితం కోసం ఆ తరువాత తిరగండి.

ఏ బడిని ఎంచుకున్నా, దసరా సెలవులకు ముందు ఒకసారి, సంక్రాంతి దాటాక ఒకసారి, కొత్త పుస్తకం తెరిచి పేజీ మధ్యలో ఒక వరుస మీద వేలు పెట్టి, అక్కడి నుంచి చదవమని మీ బిడ్డను అడగండి.