మిరుగు పడకముందే: పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టిస్తున్నవాళ్లకు జాగ్రత్తలు

పెరటి పూల్ పని మన దగ్గర ఎక్కువగా ఏప్రిల్‌లో మొదలవుతుంది. మేలో కాంక్రీటు పడుతుంది. జూన్‌లో మిరుగు (మృగశిర కార్తె) వచ్చేసరికి టైల్స్‌కు పైసలు చాలవు, లేదంటే మేస్త్రీ ఇంకో పనికి పోతాడు. ఖాళీ తొట్టి వానకు అట్లనే ఉండిపోతుంది. కాంట్రాక్టు ఇవ్వకుండా సొంతంగా కట్టించుకునేవాళ్లు లక్షలు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి ముందు ఈ ఒక్క మాట పట్టుకోండి: వానాకాలంలో తొట్టి ఖాళీగా ఉండొద్దు.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే ముసురుకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. ఖాళీ తొట్టి చెడిపోవడానికి అంత వాన కూడా అక్కర్లేదు. చెరువులు మత్తడి దుంకే ఏడాదైతే చాలు. మన నేలలో పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద బండ. వాన నీళ్లు బండను దాటి దిగలేక మొరంలోనే నిలుస్తాయి. పూల్ కోసం తవ్విన గుంత ఆ మొరంలో పెట్టిన గిన్నె లాంటిది. గోడల పక్కన పూడ్చిన వదులు మట్టిలోంచి చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకే దిగుతాయి. పైకి నేల ఆరినట్టే కనబడుతుంది, తొట్టి అడుగున మాత్రం ఊట పెరుగుతూనే ఉంటుంది.

లెక్క చూడండి. లోపలి కొలత 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు అనుకుందాం. అడుగు, గోడలు 8 ఇంచుల మందం. ఆ కాంక్రీటు మొత్తం బరువు దాదాపు 34 టన్నులు. బయట ఊట ఒక్కో అడుగు పెరిగినప్పుడల్లా తొట్టిని కింది నుంచి తొమ్మిదిన్నర టన్నుల బలంతో ఎత్తుతుంది. స్లాబ్ అడుగు నుంచి మూడున్నర అడుగుల ఊట వచ్చిందంటే, అంటే నేల మట్టానికి ఇంకో రెండడుగుల కిందనే, 34 టన్నులూ సరిపోతాయి. ఆపైన తొట్టి పడవే. నేల మట్టం దాకా నీళ్లు నిలిస్తే ఎత్తే బలం 54 టన్నులు. గోడల చుట్టూ ఉన్న మట్టి పట్టి ఉంచుతుందిగా అంటారు. తడిసిన మట్టి పట్టును నమ్మి 34 టన్నుల కట్టడాన్ని వదలకూడదు. రెడీమేడ్ ఫైబర్ తొట్టి ఐతే మరీ అన్యాయం: దాని బరువు ఒక టన్ను అటూ ఇటూ, కింద నాలుగు వేళ్ల నీళ్లు చేరితే చాలు.

అదే తొట్టి నిండుగా ఉంటే లోపల 40 టన్నుల నీళ్లు. మొత్తం 74 టన్నులు, కదలదు. సగమే ఉంటే లెక్క సరిగ్గా 54కు 54, ఏ క్షణమైనా లేవొచ్చు. అందుకే వానాకాలమంతా 4 అడుగులకు తక్కువ కాకుండా నీళ్లు ఉంచండి.

ఒకసారి లేచిన తొట్టి మళ్లీ కూర్చోదు. ఒక మూల రెండించులు లేస్తుంది, ఆ సందులోకి మొరం జారుతుంది. ఊట దిగినా తొట్టి దాని మీదే వంకరగా ఆగుతుంది. అడుగు నుంచి పోయే పైపులు ఫిట్టింగుల దగ్గర విరుగుతాయి. చాలాసార్లు బాగుచేయడం అంటూ ఉండదు, పగలగొట్టడమే. మొదటి గుర్తు పూల్ అంచు రాయికి, చుట్టూ గచ్చుకు మధ్య గోరు దూరేంత కొత్త చీలిక. ఇప్పుడే మేస్త్రీ లెవల్ పైపుతో నాలుగు మూలలూ ఇంటి గోడ మీది ఒక గీతకు సరిచూసి రాసిపెట్టండి, ముసురు పట్టినప్పుడల్లా మళ్లీ చూడండి. తేడా కనబడితే తొట్టిలోని నీళ్లు ఏ మోటరుతోనూ తోడకండి, ఇంకా నీళ్లు లోపలికి వదలండి. ఈ కొలతకు 5,000 లీటర్ల ట్యాంకర్లు 8 పడతాయి. ట్యాంకరు వాళ్ల నంబరు ముందే దగ్గర పెట్టుకోండి.

కాంక్రీటు పోసేటప్పుడే చేయాల్సినవి

అడుగు స్లాబ్ కింద 6 ఇంచుల మందం 20 ఎంఎం కంకర పరుపు వేయండి. దాని కింద, పక్కలా జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే మొరం పొడి కంకరలోకి చేరదు. అడుగు స్లాబ్‌లో, పీసీసీని (స్లాబ్ కింద సలాకలు లేకుండా పోసే కాంక్రీటు పొర) కూడా దాటి కంకర దాకా, రెండు 4 ఇంచుల పీవీసీ స్లీవులు (పైపు ముక్కలు) నిలబెట్టి పోయించండి. పని పూర్తయ్యేదాకా అవి తెరిచే ఉండాలి. ఊట పెరిగితే నీళ్లు వాటిలోంచి తొట్టిలోకి వస్తాయి, తొట్టి లేవదు. లోపల బురద నీళ్లు చూసి మేస్త్రీ గుడ్డలు కుక్కి మూసేస్తాడు, మూయనివ్వకండి. టైల్స్ వేసే ముందు ఒకదాన్ని నాన్-ష్రింక్ గ్రౌట్‌తో (ఆరినా కుంచించుకుపోని సిమెంటు ముద్ద) మూసి, రెండోదాంట్లో హైడ్రోస్టాటిక్ వాల్వు బిగించండి. బయటి ఒత్తిడి లోపలిదాన్ని మించితే ఆ వాల్వు తెరుచుకుంటుంది. ఐతే ఇసుక రేణువు ఇరుక్కుని బిగుసుకుపోవడం దానికి మామూలే. వాల్వు ఉంది కదా అని తొట్టి ఖాళీ చేయొద్దు.

గోడ బయట ఒక మూలన 8 ఇంచుల పైపు, కింద రంధ్రాలు కొట్టి, చుట్టూ కంకర పోసి, స్లాబ్ కన్నా రెండడుగుల కిందికి దింపండి. దాంట్లోకి దారానికి రాయి కట్టి వదిలితే ఊట ఎక్కడుందో తెలుస్తుంది, అవసరమైతే చిన్న సబ్‌మెర్సిబుల్ దింపి తోడొచ్చు. చవకైన వస్తువే, కాపాడేది మాత్రం ఇదే.

కాంక్రీటు బలం ఎం30 గ్రేడుకు తగ్గొద్దు, నీళ్ల తొట్లకు భారత ప్రమాణం ఐఎస్ 3370 చెప్పేది అదే. బస్తా సిమెంటుకు నీళ్లు 22 లీటర్లు మించనివ్వకండి. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించండి. పల్చగా కలిపితే పోయడం సులువు, ఆ తర్వాత కారడమూ అంతే. సలాకలకు 45 ఎంఎం కవర్ (సలాక మీద కాంక్రీటు మందం). అడుగు, గోడ కలిసేచోట పీవీసీ వాటర్‌స్టాప్ పట్టీ తప్పదు. సలాకల లెక్క స్ట్రక్చరల్ ఇంజినీరుతో రాయించుకోండి, నల్లరేగడిలో ఐతే మరీ. ఆ మట్టి ఉబ్బి గోడను లోపలికి నెడుతుంది కాబట్టి పక్కల పూడ్చడానికి మొరమే వాడండి, అడుగు చొప్పున పొరలుగా దిమ్మిస కొట్టించండి.

నీళ్లు నింపాలంటే కాంక్రీటుకు 28 రోజులు నిండాలి. మే 10 లోపు కాంక్రీటు పడేలా లేకపోతే ఈ ఏడాది గుంతే తవ్వకండి. సంక్రాంతి దాకా ఆగండి. దసరా, దీపావళికి వానలు తగ్గినా ఊట అప్పుడే బాగా పైన ఉంటుంది.

ఇక మిగతావి

ఇంకుడు గుంత పూల్ పక్కన వద్దు. మిద్దె నీళ్ల పైపు అటు దింపొద్దు. ఫిల్టరు కడిగిన నీళ్లు గోడ పక్క చెట్లకు వదలొద్దు. ఈ మూడూ తొట్టి కిందికి మీ చేత్తో మీరే ఊట పంపడం. అన్నీ పల్లం వైపు, కనీసం 20 అడుగుల దూరం.

గుంత తవ్విన రోజే కంచె వేయండి. షేడ్‌నెట్ కంచె కాదు. 4 అడుగుల ఎత్తు, చువ్వల మధ్య 4 ఇంచులకు మించని సందు, బయటికి తెరుచుకుని దానంతటదే మూసుకునే గేటు, గేటు పక్క స్తంభానికి 5 అడుగుల ఎత్తున గడియ. ఇటుకల దొంతర, కుర్చీ, పూలకుండీ కంచెకు 3 అడుగుల లోపు ఉండొద్దు. ఇంటి పూల్‌లో పడి పిల్లలు పోయారన్న వార్త రాని వేసవి లేదు. ఏడాది బిడ్డకు జానెడు నీళ్లు చాలు.

తవ్విన మట్టి అంచుకు 5 అడుగుల అవతల పోయించండి. వాన పడ్డ మర్నాడు గుంతలోకి మనిషిని దింపొద్దు.

మోటరు నీళ్లలో నడుస్తుంటే మనిషి నీళ్లలో ఉండొద్దు. ఒక్క నిమిషం కూడా.

పూల్ లైనుకు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్) పెట్టించండి. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు స్విచ్) వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. నీళ్లలో లైట్లు 12 వోల్టులవే. సలాకలు, నిచ్చెన, రెయిలింగు అన్నీ ఒకే ఎర్తుకు కలపాలి. తొట్టి మీదుగా కరెంటు తీగ పోతుంటే అక్కడ పూల్ కట్టొద్దు.

అడుగున నీళ్లు లాగే జాలీలు రెండు, 3 అడుగులకు పైగా ఎడంగా, ఒకే పైపుకు కలిపి. ఒక్కటే ఉంటే పిల్ల జుట్టునో వీపునో పట్టి వదలదు. జాలీ విరిగితే మోటరు ఆపేయండి, కొత్తది వేసేదాకా పూల్ మూసెయ్యండి.

40,000 లీటర్లు ఆరు గంటల్లో ఒకసారి తిరగాలి. గంటకు 6,700 లీటర్లు ఇచ్చే పంపు, 20 ఇంచుల ఇసుక ఫిల్టరు సరిపోతాయి. పెద్ద పంపు వద్దు, ఫిల్టరు ఆపలేని దుమ్ము మళ్లీ తొట్టిలోకే వస్తుంది.

ఆగస్టులో నీళ్లు పచ్చబడితే తోడి కడగాలనిపిస్తుంది. తోడొద్దు. బకెట్ నీళ్లలో 1.2 కిలోల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీళ్లు సాయంత్రం పోయండి, రాత్రంతా ఫిల్టరు నడపండి, గోడలు బ్రష్‌తో రుద్దండి. తగ్గకపోతే మర్నాడు మళ్లీ. రోజూ క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పీహెచ్ 7.2 నుంచి 7.8.

పౌడరును నీళ్లలో వేయాలి, నీళ్లను పౌడరు మీద పోయొద్దు. బ్లీచింగ్, టీసీసీఏ బిళ్లలు (ఇంకో రకం క్లోరిన్ మందు) ఒక డబ్బాలో వద్దు, నిప్పు అంటుకుంటుంది. యాసిడ్ ఆ గదిలోనే వద్దు.

టైల్ ఊడింది, ఖాళీ చేద్దామంటారు. వద్దు. గంగాళమంత బురద చేరింది, ఖాళీ చేద్దామంటారు. వద్దు, వాక్యూమ్ పెట్టండి. ఖాళీ చేయడం ఏప్రిల్, మే నెలల్లోనే. అప్పుడు కూడా ముందు బయటి పైపులోకి రాయి దించండి. స్లాబ్ అడుగు లోతు దాటేదాకా దారం పొడిగా ఉంటేనే మోటరు వేయండి.