పని మధ్యలో ఎవరైనా పిలిస్తే: నాకు పనికొచ్చిన పద్ధతి

శంషాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ పని నాది. ప్యానెల్ బిగిస్తుంటే "అన్నా, ఒక్క నిమిషం" అంటారు. తిరిగొచ్చాక ఏడో స్క్రూ టార్క్ చేశానా (అంటే కొలిచిన బలంతో బిగించానా), వేలితో తిప్పి వదిలేశానా గుర్తుండదు. ఒకసారి ఇన్‌స్పెక్షన్‌లో రెండు వదులుగా దొరికాయి. ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు.

ఫోన్ లాకర్‌లో పెట్టాను, గ్లవ్ మీద అంకె రాసుకున్నాను; లాభం లేదు.

చివరికి కుదిరింది ఇది. పిలిచినా తల తిప్పను, "ఆగు" అంటాను. చేతిలోని స్క్రూ సగంలో ఉంటే పూర్తిగా బయటికి తీసేస్తాను. బిగిసినట్టు కనిపించేదే మోసం చేస్తుంది, ఖాళీ రంధ్రం చేయదు. అక్కడ ఎర్ర ట్యాగ్ కట్టి, అప్పుడు వెళతాను. వచ్చాక పనిలో మూడు స్టెప్పులు వెనక్కి వెళ్లి మొదలుపెడతాను. టార్క్ అయిన ప్రతి స్క్రూకీ వెంటనే టార్క్ సీల్ గీత, అంటే బిగించినట్టు గుర్తుగా రంగు గీత. చేసిన పని నమోదయ్యే జాబ్ కార్డ్ మీద సంతకం ఆఖర్న.

మూడు స్టెప్పుల మాట నా సొంతం కాదు, ట్రైనింగ్‌లో చెప్పేదే. షిఫ్ట్ మారితే మాత్రం ఇది చాలదు. 1991లో టెక్సస్‌లో 14 మంది చనిపోయిన ప్రమాదంలో తోక రెక్కకు 47 స్క్రూలు తిరిగి పెట్టలేదు. ఒక షిఫ్ట్ విప్పిన సంగతి తర్వాతి షిఫ్ట్‌కు చేరలేదు. అక్కడ రాసిచ్చే హ్యాండోవరే దిక్కు.