ప్రాక్టికల్ షూటింగ్‌లో వేగమా, గురియా? లెక్క తేల్చుకోవడం ఎలా?

ప్రాక్టికల్ షూటింగ్ అంటే కదులుతూ, టైమ్‌తో పోటీపడుతూ టార్గెట్లను కాల్చే పోటీ. సామాన్ల గురించి బుర్ర పాడుచేసుకోవద్దు. 9 ఎం.ఎం. పిస్టల్, బెల్టు, హోల్‌స్టర్, నాలుగైదు మ్యాగజైన్లు, కళ్లద్దాలు, చెవులకు రక్షణ ఉంటే చాలు. షాట్ టైమర్ (కాల్పుల చప్పుడును పట్టి సమయం చూపే పరికరం) మాత్రం సొంతంగా కొనాల్సిందే. ఫోన్ యాప్‌ను నమ్ముకుంటే కుదరదు.

స్కోరు సంగతి: పాయింట్లను సెకన్లతో భాగిస్తే వచ్చేదే హిట్ ఫ్యాక్టర్. మైనర్‌లో, అంటే తక్కువ శక్తి గుళ్ల వర్గంలో, టార్గెట్ నడిమి భాగమైన ఆల్ఫాకు 5, దాని చుట్టూ ఉన్న చార్లీకి 3, అంచున ఉన్న డెల్టాకు 1. గుండు తగలకపోతే, అంటే మైక్ పడితే, ఆ 5 రావు సరికదా, ఇంకో 10 కోస్తారు.

కాల్చేముందు స్టేజ్ (మ్యాచ్‌లో టార్గెట్లు అమర్చిన ఒక్కో భాగం) అంతా నడిచి చూడండి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మ్యాగజైన్ మార్చాలో ముందే ఖాయం చేసుకోండి.

అసలు చిక్కు ఇక్కడుంది. మా టెక్సాస్ మ్యాచ్‌లకు కొత్తగా వచ్చే మనవాళ్లు గెలిచినవాడి హిట్ ఫ్యాక్టర్ చూసి లెక్క వేస్తారు. తప్పు! చూడాల్సింది మీ హిట్ ఫ్యాక్టర్. అది ఎంతో, మీకు ఒక సెకను విలువ అన్ని పాయింట్లు. చార్లీ పడితే పోయేది 2 పాయింట్లు. హిట్ ఫ్యాక్టర్ 10 తెచ్చేవాడికి అది 0.2 సెకన్లతో సమానం, 5 తెచ్చే మీకు 0.4. అతను లెక్కచేయని చార్లీ మీకు రెట్టింపు ఖరీదు.

12 గుళ్ల స్టేజ్ తీసుకోండి. అన్నీ ఆల్ఫాలే, 12 సెకన్లు: 60 బై 12, అంటే 5. కాస్త తొందరపడి 10 సెకన్లలో 8 ఆల్ఫాలు, 4 చార్లీలు కొడితే 5.2. తొందరే గెలిచింది. అందులో ఒక్క చార్లీ మైక్ అయితే? 39 పాయింట్లు, 3.9. అందుకే మైక్ పడిందని పిస్టల్ మీది గురి చూసే సైట్‌ను బట్టి తెలిస్తే అక్కడికక్కడే ఇంకో గుండు కాల్చండి. 0.4 సెకన్లు పోయినా, అది ఆల్ఫా అయితే మళ్లీ 5.19కి వస్తారు. చార్లీని సరిదిద్దడానికి మాత్రం ఆగకండి.

'ముందు అన్నీ ఆల్ఫాలే కొట్టు, వేగం దానంతటదే వస్తుంది' అనే గురువులు ఉంటారు. రెండేళ్లు అలాగే చేశాను. ఆల్ఫాలు వచ్చాయి, వేగం రాలేదు. పైగా ట్రిగ్గర్ గబగబా నొక్కితే మిగిలే సమయం చాలా తక్కువ. సెకన్లు మిగిలేది నడకలో, పిస్టల్ తీయడంలో, మ్యాగజైన్ మార్చడంలో.

ప్రాక్టీస్‌లో ఒకే టార్గెట్ల వరసను మూడు వేగాల్లో, ఒక్కోదానికి ఐదుసార్లు కాల్చండి. సగటు హిట్ ఫ్యాక్టర్ ఏ వేగానికి ఎక్కువ వస్తే మ్యాచ్‌లో అదే మీ వేగం. మంచి రన్ ఒక్కటే చూసి మురిసిపోవద్దు, ఐదూ రాసుకోండి.