పాత ఫోర్డ్ తొట్టితో ట్రైలర్

డాలస్ దగ్గర మా పెరట్లో 1978 ఫోర్డ్ ఎఫ్-100 పికప్ ఉండేది. క్యాబిన్ తుప్పు పట్టిపోయినా వెనక తొట్టి గట్టిగానే ఉంది. దాన్నే బండి వెనక తగిలించి లాగే ట్రైలర్ చేశాను.

ముందు పెట్రోల్ ట్యాంకు, పైపులు పూర్తిగా తీసేయండి. ఆ తర్వాతే గ్రైండర్ ముట్టుకోండి. ఛాసిస్‌ను వెనక కమాన్ కట్టల ముందరి బ్రాకెట్ దగ్గర కాదు, దానికి ఓ అడుగు ముందు కొయ్యండి. ఇంజిన్ శక్తిని వెనక ఇరుసుకు అందించే డ్రైవ్ షాఫ్ట్ విప్పేయాలి కానీ, ఇరుసు మధ్యలో పళ్ళ చక్రాలుండే డిఫరెన్షియల్‌లో ఆయిల్ ఉంచాలి, లోపల పళ్ళు తిరుగుతూనే ఉంటాయి.

అసలు సంగతి బరువు. ఎద్దుల బండికి కాడి మీద కాస్త బరువు పడాలని మా నాన్న అనేవారు. ఇక్కడా అంతే, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే లాగే బండి వెనకుండే కొక్కెం మీద పడాలి. మొదటిసారి కట్టెలన్నీ వెనకే వేశాను. గంటకు 50 మైళ్ళు దాటగానే ట్రైలర్ పాములా ఊగింది, నా చేతులు చల్లబడిపోయాయి. ఇప్పుడు బరువైనవి ఇరుసుకు ముందే పేరుస్తాను.

ట్రైలర్‌ను హిచ్‌కు కలిపే ముందరి చట్రం వెల్డింగ్ అనుభవమున్నవాళ్ళ చేతే చేయించండి. సేఫ్టీ చైన్లు రెండూ హిచ్‌కు తగిలించే కప్లర్ కింద ఇంటూ గుర్తులా వేయండి. కప్లర్ ఊడినా చట్రం వాటి మీదే ఆగుతుంది. లైట్లకు నాలుగు వైర్ల ప్లగ్ చాలు. రిజిస్ట్రేషన్‌కు కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్ళండి.