మంచినీటి పైప్‌లైన్: మట్టి కప్పేలోపు చూసుకోవాల్సినవి

మంచినీటి పైప్‌లైన్ పనిలో మేనేజరుగా కొత్తగా దిగినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది రోజుకి ఎన్ని మీటర్ల పైపు పడాలి అని. పడిన మీటర్లు కాదు, నీళ్ళ ఒత్తిడి టెస్ట్ పాసైన మీటర్లు లెక్కపెట్టుకోండి. రిపోర్టులో మొదటి అంకె బాగుంటుంది, పై అధికారులూ దాన్నే అడుగుతారు, కానీ మట్టి కప్పేశాక బయటపడే తప్పుకి మళ్ళీ తవ్వకం, మళ్ళీ రోడ్డు, మళ్ళీ తిట్లు.

ముందు ట్రయల్ పిట్లు, అంటే నేలలో ఏముందో చూడటానికి తీసే చిన్న గుంటలు. డ్రాయింగులో పాత లైన్ ఎక్కడుందో గీసి ఉంటుంది, నేలలో ఇంకోచోట ఉంటుంది, ఇందులో ఆశ్చర్యపడటం నేను ఎప్పుడో మానేశాను. కొత్త లైన్ పాతదానికి కలిసే ప్రతిచోటా చేత్తో తవ్వించి పైపు చుట్టూ టేపు పెట్టి కొలవండి. చుట్టుకొలతని 3.1416తో భాగిస్తే బయటి వ్యాసం వస్తుంది. ఉదాహరణకి 1024 మి.మీ. వస్తే 326 మి.మీ., అంటే ఇప్పటి డక్టైల్ ఐరన్ (తేలిగ్గా పగలని రకం ఇనుము) పైపుల్లో పేరుకి 300 మి.మీ. అనే పైపు సైజు. పాత పైపు కూడా పేరుకి 300 అయినా బయటి కొలత వేరే ఉండొచ్చు, అప్పుడు రెంటినీ కలపడానికి మీరు తెప్పించిన కప్లింగ్ ఎక్కదు. ఆ సంగతి నీళ్ళు ఆపేసిన రాత్రి తెలిసిందంటే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ట్రెంచ్ గురించి ఎక్కువ చెప్పను. అడుగున రాళ్ళు ఉండకూడదు, పైపు తన ఒంటి పొడవునా ఇసుక మీద ఆనాలి, సాకెట్ (పక్క పైపు దూరే వెడల్పాటి చివర) కింద చిన్న గుంట తీయాలి, లేకపోతే బరువంతా సాకెట్ మీదే పడుతుంది. లోతైన ట్రెంచ్‌కి పక్కల ఆసరా లేకుండా మనిషిని దింపొద్దు, అక్కడ బేరం లేదు. ఒక్కటి మాత్రం నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. 600 మి.మీ. లైన్ ఒకటి, సాయంత్రం చివర్లు మూతలు బిగించి, తెల్లారి మట్టి వేద్దామని వెళ్ళిపోయాం. రాత్రి వాన కురిసింది. పొద్దున వచ్చి చూస్తే ట్రెంచ్ నిండా బురదనీళ్ళు, పైపులు పడవల్లా పైకి తేలి ఉన్నాయి. లెక్క వేస్తే అందులో వింతేమీ లేదు: బయటి వ్యాసం 635 మి.మీ. ఉన్న పైపు మీటరుకి సుమారు 317 కిలోల నీటిని పక్కకి తోస్తుంది, ఖాళీ పైపు బరువు అంతకంటే చాలా తక్కువ. అప్పట్నుంచీ జాయింట్లు వదిలి, పైపు మధ్యభాగం మీద ఆ రోజే మట్టి వేయిస్తున్నాను.

జాయింట్ పని గట్టు మీద నిలబడి చూస్తే అర్థం కాదు, కిందికి దిగి కూర్చోవాలి. సాకెట్ లోపలి గాడిని గుడ్డతో తుడవాలి, నాలుగు ఇసుక రేణువులు మిగిలినా చాలు, రింగు వెనక నీటికి దారి దొరుకుతుంది. రబ్బరు రింగుని మడిచి లోపల పెట్టాక బొటనవేలితో చుట్టూ నొక్కుకుంటూ రావాలి, ఎక్కడా ఉబ్బు తగలకూడదు. లూబ్రికెంట్ రింగు లోపలివైపుకీ స్పిగాట్ (సాకెట్‌లోకి దూరే పైపు కొస) చివరకీ మాత్రమే, గాడిలో పూయకూడదు. గ్రీజు అస్సలు వద్దు, రబ్బరు పాడవుతుంది, పైగా ఇవి తాగే నీళ్ళు. సైట్‌లో కోసిన ముక్క అయితే చివర అంచుని వాలుగా అరగదీయకుండా తోయనివ్వకండి, పదునైన అంచు రింగుని కోసేస్తుంది. పైపు లోపలికి వెళ్ళాక ఫీలర్ గేజ్ అనే సన్నటి లోహపు పట్టీని సాకెట్ సందులో పెట్టి చుట్టూ చూడాలి, అన్నిచోట్లా ఒకే లోతు తగలాలి. ఒకచోట తేడాగా తగిలిందంటే రింగు జరిగింది, విప్పేయండి. మేస్త్రి మొహం మాడ్చుకుంటాడు, ఫర్వాలేదు.

బెండ్ల దగ్గర థ్రస్ట్ బ్లాక్‌ని, అంటే బెండ్ జరక్కుండా వెనక పోసే కాంక్రీటు దిమ్మని, చిన్నచూపు చూడొద్దు. ఆ 326 మి.మీ. పైపుకి 90 డిగ్రీల బెండ్ ఉండి, లోపల 10 బార్ ఒత్తిడి ఉంటే, బెండ్‌ని బయటికి తోసే బలం దాదాపు 12 టన్నులు. కాంక్రీటు ఎంత పోశాం అన్నదానికంటే దాని వెనక ఏముందన్నది ముఖ్యం. తవ్వని గట్టి నేలకి ఆనాలి. ఎక్కువ తవ్వేసి, వదులు మట్టి నింపి, దాని ముందు బ్లాక్ పోస్తే టెస్ట్ రోజున బ్లాకూ బెండూ కలిసి జరుగుతాయి.

ఇక హైడ్రో టెస్ట్, అంటే లైన్‌లో నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి చూడటం. కిందివైపు నుంచి మెల్లగా నింపండి, ఎత్తుల్లో గాలి బయటికి వదిలే ఎయిర్ వాల్వులన్నీ తెరిచి ఉంచి. లోపల సిమెంట్ లైనింగ్ ఉంటే అది నీళ్ళు పీలుస్తుంది, కాబట్టి నింపిన వెంటనే టెస్ట్ పెట్టి ఒత్తిడి తగ్గిందని కంగారుపడకుండా 24 గంటలు వదిలేయండి. గేజ్ ఎక్కడ పెట్టారో రాసుకోండి, 10 మీటర్ల ఎత్తు తేడాకి సుమారు 1 బార్ మారుతుంది. నేను అన్నిటికంటే కిందిచోటే పెట్టిస్తాను, ఎక్కువ ఒత్తిడి పడేది అక్కడే. పంపు ఎంత కొట్టినా ముల్లు బద్ధకంగా కదులుతుంటే లోపల గాలి చిక్కుకుంది, మళ్ళీ వదలాలి. నీళ్ళు దొరకలేదని కంప్రెసర్‌తో గాలి టెస్ట్ చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఎక్కడైనా తెగితే నొక్కిన గాలి బాంబులా పేలుతుంది.

ఒకసారి మూడు రోజులు ఒత్తిడి నిలవలేదు. మట్టి కప్పని జాయింట్లన్నీ పొడిగా ఉన్నాయి, అయినా రాత్రికి పడిపోతోంది. చివరికి చూస్తే చివర ఉన్న గేట్ వాల్వ్ పూర్తిగా మూసుకోవట్లేదు, నీళ్ళు అవతలికి పోతున్నాయి. ఇప్పుడు వాల్వ్‌ని నమ్మి టెస్ట్ పెట్టను, బ్లాంక్ ఫ్లాంజ్ (పైపు చివర బోల్టులతో బిగించే మూత) వేసి, దాని వెనక గట్టి ఆసరా కట్టిస్తాను.

టెస్ట్ అయ్యాక మురికి పోయేదాకా నీళ్ళు వదిలి ఫ్లష్ చేసి, క్లోరిన్ వేయాలి. అమెరికన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్ సీ651 ప్రమాణంలోని ఒక పద్ధతిలో లీటరుకి 25 మిల్లీగ్రాముల క్లోరిన్ వేసి 24 గంటలు ఉంచితే చివరికి కనీసం 10 మిల్లీగ్రాములు మిగలాలి. మీ కాంట్రాక్టులో వేరే అంకె ఉంటే అదే పాటించండి. కిలోమీటరు 300 లైన్‌లో సుమారు 70 ఘనపు మీటర్ల నీళ్ళు పడతాయి, 65 శాతం క్లోరిన్ ఉన్న హైపోక్లోరైట్ పొడి అయితే సుమారు 2.7 కిలోలు సరిపోతుంది. ఆ నీళ్ళని అలాగే వాగులోకి వదలొద్దు, చేపలు చస్తాయి, ముందు క్లోరిన్ ప్రభావం పోగొట్టాలి. నీళ్ళ శాంపిల్ రిపోర్టు చేతికి వచ్చాకే పాత లైన్‌కి కనెక్షన్.

కలిపే రాత్రికి వారం ముందే పాత వాల్వులు మూసి చూడండి. మూసుకోనిది ఒక్కటైనా ఉంటుంది, అప్పుడు ఇంకా వెనక వాల్వ్ దాకా వెళ్ళాలి, అంటే నీళ్ళు ఆగే ఇళ్ళు పెరుగుతాయి, వాళ్ళందరికీ ముందే చెప్పాలి. కొత్త లైన్‌లోకి నీళ్ళు వదిలేటప్పుడు వాల్వ్ తిప్పే మనిషికి పక్కనే ఉండండి. కొంచెం తిప్పి ఆగాలి, ఎయిర్ వాల్వ్ బుసకొట్టడం తగ్గాక మళ్ళీ కొంచెం. ఇంటికి పోవాలనే తొందరలో గబగబా తెరిచేస్తారు, తెల్లవారుజామున అందరికీ నిద్ర ముంచుకొస్తుంటుంది కదా.