గర్భిణి లివర్ రిపోర్టు చదవడం – 3వ పాఠం: పక్కన అచ్చైన అంకెలను నమ్మొద్దు

పోయిన పాఠం చివర ఒక రిపోర్టు ఇచ్చి, తేడాగా ఉన్న అంకెలకు ఎర్ర సిరా పెట్టమన్నాను. తొమ్మిదో నెల గర్భిణి. ఆల్కలైన్ ఫాస్ఫటేస్ (ఒక ఎంజైమ్) 260, ఎస్‌జీపీటీ (కాలేయ కణాల్లో ఉండే ఎంజైమ్) 18, ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) 3.0. మొదటిదాని పక్కన ‘హై’, చివరిదాని పక్కన ‘లో’ అని ఉంది. ఆ రెండింటికీ ఎర్ర సిరా పెట్టినవాళ్లు కొట్టేయండి. రెండూ ఆ నెలకు మామూలే.

ల్యాబ్ వాళ్లు పక్కన వేసే పరిధి గర్భం లేనివాళ్లది. గర్భిణికి రక్తంలోని ప్లాస్మా, అంటే నీటి భాగం, 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. చారులో ఇంకో చెంబు నీళ్లు పోస్తే ఉప్పు ఎక్కడికీ పోదు, రుచి పలచబడుతుంది. ఆల్బుమిన్ తగ్గడం చాలావరకు ఇదే. ఆల్కలైన్ ఫాస్ఫటేస్ సంగతి వేరు. ఆ పెరుగుదల ఎక్కువగా మాయ (ప్లాసెంటా) నుంచి వస్తుంది, కాలేయం నుంచి కాదు.

మరి కాలేయం పెరగదా? ప్రయోగశాల చిట్టెలుకల్లో కాన్పు నాటికి తల్లి కాలేయం బరువు దాదాపు రెట్టింపవుతుంది. కణాలు లావెక్కుతాయి, కొత్తవీ పుడతాయి. మనుషుల్లో అంత ఉండదు. పైగా గర్భసంచి దాన్ని పైకి, పక్కటెముకల చాటుకు నెట్టేస్తుంది. అందుకే నెలలు నిండినావిడకు పక్కటెముకల కింద కాలేయం చేతికి తగిలిందంటే, ‘గర్భం కదా’ అని వదిలేయకూడదు.

ఇక అసలు పాఠం. ఎస్‌జీపీటీ, దాని తోటి ఎంజైమ్ ఎస్‌జీఓటీ, కామెర్లలో పెరిగే బిలిరుబిన్... ఈ మూడూ గర్భంలో పెరగవు. కాస్త తగ్గితే తగ్గుతాయి. కాబట్టి ఇవి కొంచెం పెరిగినా కారణం వెతకాల్సిందే. నా మట్టుకు నేను రిపోర్టు చేతికి రాగానే ముందు వీటినే చూస్తాను, ‘హై’, ‘లో’ తర్వాత.

అరచేతులు ఎర్రబడటం, ఛాతీ మీద సాలీడులాంటి ఎర్రమచ్చలు రావడం లివర్ జబ్బు గుర్తులని పుస్తకాల్లో చదివి టెన్షన్ పడకండి. గర్భంలో అవి ఈస్ట్రోజన్ పని, చాలామందికి కాన్పయ్యాక పోతాయి. అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు లేకుండా, రాత్రిళ్లు ఎక్కువయ్యే దురద మాత్రం అలాంటిది కాదు. దానికి బైల్ యాసిడ్స్ (పైత్యరసంలోని ఆమ్లాలు) పరీక్ష అడగాలి. మామూలు లివర్ పరీక్షలో అది ఉండదు.

అభ్యాసం: ఎనిమిదో నెల. బీపీ 150/100, ప్లేట్‌లెట్లు 90 వేలు, ఎస్‌జీఓటీ 110, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ 240. కుడి డొక్క పైన నొప్పి, గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుంది. ఏ అంకెను పక్కన పెడతారు? జవాబు 4వ పాఠంలో. ఇంట్లో ఎవరికైనా నిజంగానే ఇలా ఉంటే మాత్రం పాఠం కోసం ఆగకండి, ఇప్పుడే ఆసుపత్రికి బయల్దేరండి.