వారాంతపు డీ అండ్ డీ ఆటలో తేడా ఎక్కడొస్తోంది: సమస్యలు, పరిష్కారాలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాన్ని తెచ్చింది ఒకే బల్ల చుట్టూ కూర్చునేవాళ్ల కోసం. ఎవరు నోరు తెరవబోతున్నారో మొహం చూస్తేనే తెలిసిపోయేది. ఇప్పుడు డిస్కార్డ్ అనే యాప్‌లో గొంతులు, రోల్20 అనే సైట్‌లో మ్యాపు. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు డాలస్‌లో. ఎవరి మొహం ఎవరికీ కనబడదు. కింది ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇదే. ఎవరినో తప్పుపట్టే ముందు ఈ సంగతి చూడండి.

ఒకరు మూడు గంటలూ మాట్లాడరు

మా ఆటలో ఒకమ్మాయి మొదటి నాలుగు వారాలూ "సరే", "అలాగే" తప్ప ఏమీ అనలేదు. ఇష్టం లేదేమో, మానేస్తుందేమో అనుకున్నాను. విడిగా అడిగితే అసలు విషయం బయటపడింది. మాట్లాడబోయిన ప్రతిసారీ ఇంకో గొంతు అడ్డొచ్చేదట, తనే ఆగిపోయేదట.

నెట్‌లో గొంతు కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఆగుతారు, చొరవ ఉన్నవాళ్లు మళ్లీ అందుకుంటారు. ఇలా పదిసార్లు జరిగితే నెమ్మదస్తులు ప్రయత్నించడమే మానేస్తారు. దీనికి తోడు రూల్సు ఇంగ్లీషులో, పాత్ర మాటలు తెలుగులో. మనసులో వాక్యం కూర్చుకునేలోపు సన్నివేశం దాటిపోతుంది.

మాకు పనిచేసిన చిట్కా ఒకటుంది. మాట్లాడాలనుకున్నవాళ్లు చాట్‌లో ఒక చుక్క పెడతారు. డీఎం (డంజన్ మాస్టర్, అంటే కథ నడిపేవారు) ఆ వరుసలోనే పిలుస్తారు. "ఎవరైనా ఏమైనా చేస్తారా?" అని గాల్లోకి అడిగితే జవాబు ఎప్పుడూ చొరవ ఉన్న ఆ ఒకరిద్దరి దగ్గర్నుంచే వస్తుంది. పేరు పెట్టి అడగండి: "తలుపు అవతల అడుగుల చప్పుడు వినిపిస్తోంది, నీ విలుకత్తె ఏం చేస్తుంది?"

ఇది డీఎం ఒక్కరి పనే కాదు. ఎక్కువ మాట్లాడే ఆటగాడే "ఈ తాళం సంగతి నీకే తెలుసు, నువ్వేమంటావు?" అని పక్క పాత్రను కథలోకి లాగితే, నాకు తెలిసి అంతకన్నా మంచి ఆటతీరు లేదు. కొందరికి వినడమే ఆనందం. అలా అని వాళ్లే చెబితే మళ్లీ మళ్లీ కదపొద్దు.

వంతు వచ్చాక "ఇప్పుడేం జరిగింది?" అంటారు

యుద్ధం సాగుతుంటే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. లెక్క చూడండి: ఐదుగురు ఆటగాళ్లు, మనిషికి మూడు నిమిషాలు, పైన డీఎం రాక్షసులు. మీ వంతు మళ్లీ రావడానికి పావుగంట దాటుతుంది. అంతసేపు చెవి ఒగ్గి కూర్చోవడం ఎవరికైనా కష్టమే. అందుకే డీఎం "ఇప్పుడు నువ్వు, తర్వాత తను" అని ఇద్దరి పేర్లూ చెప్పాలి. రెండో పేరు వినగానే ఏ మంత్రమో, ఏ దెబ్బో అనుకొని ఉంచుకోండి. దెబ్బ తగిలిందా అని చూసే 20 ముఖాల పాచికనూ, గాయం పాచికలనూ కలిపి ఒకేసారి వేస్తే మరికొంత సమయం మిగులుతుంది. పాచికలు అందరికీ కనిపించే చోటే వేయండి, అనుమానాలకు తావుండదు.

"నా పాత్ర అలాంటిదే" అంటూ తోటివాళ్ల మూట కొట్టేస్తారు

దొంగ పాత్ర దొంగతనం చేయడం సహజమే. కానీ ఆ పాత్రను అలా రాసుకున్నది మనమే. కథ మొదలుపెట్టే ముందు సెషన్ జీరో, అంటే అందరూ కూర్చుని హద్దులు మాట్లాడుకునే రోజు, పెట్టుకోకపోతే ఈ గొడవ తప్పదు. ఒకరితో ఒకరు కొట్లాడుకోవచ్చా, ఏ విషయాలు కథలోకి అసలు రాకూడదు అన్నవి ఆ రోజే తేల్చుకోండి. మధ్యలో చేరినవాళ్లకూ అవే చెప్పండి. అప్పటికీ ఎవరికైనా మనసు కలుక్కుమనిపించే ఘట్టం వస్తే, జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ ఉంది. ఆన్‌లైన్‌లో డీఎంకు విడిగా "ఎక్స్" అని పంపితే చాలు. ఎందుకని అడగకుండా ఆ ఘట్టం వదిలేసి ముందుకెళ్లాలి. ఈ విషయంలో నేను రాజీపడను.

కుక్కర్ కూతలు, ఫ్యాను హోరు

ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, డిస్కార్డ్‌లో పుష్ టు టాక్ (మీట నొక్కినప్పుడే మైక్ పలికే పద్ధతి) ఆన్ చేయండి. అంతే.

ఏటా మార్చిలో, నవంబర్‌లో సగం మంది వేళ తప్పుతారు

అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కు జరుగుతుంది. మన గడియారం కదలదు. డాలస్‌లో శనివారం రాత్రి 9 గంటలంటే చలికాలంలో ఇక్కడ ఆదివారం ఉదయం 8:30, వేసవిలో 7:30. ఎవరి గడియారం ప్రకారం ఆడతారో ముందే ఖాయం చేసుకోండి. డిస్కార్డ్ టైమ్‌స్టాంప్‌తో పెడితే ఎవరికి వాళ్ల సమయమే కనిపిస్తుంది. ఐదుగురిలో ముగ్గురొస్తే ఆట ఆగదని కూడా అనుకోండి. రాలేనివాళ్లు ముందురోజే ఒక్క ముక్క రాయాలి, తమ పాత్రను ఆ పూట ఎవరు నడపాలో కూడా చెప్పాలి.